మిగిలిన డబ్బు సరే, పోయిన పొద్దు ఎవరి ఖాతాలో?

(తిరుపతిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నన్ను మాట్లాడమన్న విషయం 'ఇంట్లో వంట - డబ్బు ఆదా, కాలం ఆదా'. హక్కుల గురించి మాట్లాడుకునే చోట వంట గురించి ప్రసంగమేమిటని మీలో కొందరికి అనిపించి ఉండవచ్చు. ఆ అనుమానం నాకూ వచ్చింది. అయినా ఒప్పుకున్నాను. ఈ విషయంలో నేను ఒక తప్పు చేశాను. దాన్ని మీ ముందు చెప్పుకోవాలని వచ్చాను.

కొంతకాలం కిందట చంద్రగిరి వైపు ఒక ఊళ్ళో పొదుపు సంఘం సమావేశానికి వెళ్ళాను. అప్పులు ఎందుకు పెరుగుతున్నాయన్న చర్చ వచ్చింది. పిల్లలు చదువుకోవడానికో, మొగుడూ పెళ్ళాలు పనికోసమో తిరుపతికి వెళ్ళివచ్చే కుటుంబాలవి. పొద్దున హోటల్ టిఫిను, మాపటికి కర్రీ పాయింటు నుంచి కూర పొట్లాలు, ఆదివారం బిర్యానీ. నేను ఉత్సాహంగా బోర్డు మీద లెక్క వేసి, ఇంట్లో వండుకుంటే నెలకు ఇంత మిగులుతుందని చూపించాను. అందరూ తలలూపారు. సంఘం లీడరు ఆ అంకెను పుస్తకంలో రాసుకుంది కూడా. అప్పుడు వెనకవరసలో కూర్చున్న ఒకామె లేచి నిలబడింది. కొండమీద గదులు ఊడ్చే పనికి పోతుంది ఆమె. తెల్లారకముందే బస్సెక్కాలి.

"అక్కా, మిగిలిన డబ్బు పొదుపు పుస్తకంలో రాసినారు. పోయిన నా పొద్దు యాడ రాసేది?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ఆడవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక ఆ నవ్వు నన్ను చాలారోజులు వదల్లేదు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ రోజు నా ప్రసంగం.

ముందుగా డబ్బు సంగతి చూద్దాం. ఇంట్లో వండుకుంటే డబ్బు మిగులుతుందన్నది అబద్ధం కాదు. ఒక ఉదాహరణ తీసుకుంటాను, అంకెలు మీ ఊరిని బట్టి మార్చుకోండి. నలుగురున్న ఇల్లు. ప్లేటు టిఫిను 40 రూపాయలనుకుంటే పూటకు 160 అవుతుంది. ఇంట్లో పిండి రుబ్బి, చెనిక్కాయల చట్నీ చేసుకుంటే సరుకులూ గ్యాసూ కలిపి 70 రూపాయలనుకుందాం. మిగిలేది 90. మాపటికి మూడు కూర పొట్లాలు 40 చొప్పున 120. అవే ఇంట్లో చేసుకుంటే 70 అనుకుందాం. మిగిలేది 50. రెండూ కలిపి రోజుకు 140, నెలకు 4,200 రూపాయలు. కూలి కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. అప్పు వాయిదా కట్టవచ్చు, పిల్ల కాలేజీ ఫీజులో కొంత కట్టవచ్చు.

ఇప్పుడు కాలం సంగతి. బియ్యమూ మినప్పప్పూ కడిగి నానబెట్టడం, రుబ్బడం, పొద్దున్నే లేచి ఇడ్లీ పెట్టడం, చెనిక్కాయలు వేయించి పొట్టు తీసి మిరపకాయ, చింతపండు, తెల్లగడ్డ వేసి చట్నీ నూరడం, తరువాత బోకులు తోమడం. ఎంత చురుకైన మనిషికైనా అన్నీ కలిపి గంటన్నర పడుతుంది. మాపటి కూరలకు తరగడం, వండడం, కడగడం ఇంకో గంట. రోజుకు రెండున్నర గంటలు, నెలకు 75 గంటలు. 'కాలం ఆదా' అని నేను బోర్డు మీద రాసిన మాట ఇక్కడే తేలిపోయింది. హోటల్ దగ్గర నిలబడే అరగంట తప్పితే తప్పవచ్చు. కానీ ఆ అరగంట సాధారణంగా భర్తదో కొడుకుదో. వంటకు పోయే రెండున్నర గంటలు భార్యవి. ఒకరి కాలం మిగిల్చి ఇంకొకరి కాలం ఖర్చు పెట్టడాన్ని ఆదా అనలేం.

ఇంకో మెట్టు ముందుకు వెళదాం. 4,200 రూపాయలను 75 గంటలతో భాగించండి. గంటకు 56 రూపాయలు వస్తుంది. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలుగా నిర్ణయించారు. ఎనిమిది గంటల లెక్కన గంటకు 38 రూపాయలు. అంటే మన ఉదాహరణలోని ఆడమనిషి పొయ్యి దగ్గర నిలబడి, మట్టిపనిలో వచ్చేదానికన్నా ఎక్కువ సంపాదిస్తోంది. మనం దాన్ని సంపాదన అనడం లేదు, 'ఆదా' అంటున్నాం. సంపాదన అంటే ఎవరు సంపాదించారన్న ప్రశ్న వస్తుంది. ఆదా అంటే ఆ ప్రశ్నే రాదు. డబ్బు దానంతటదే మిగిలినట్టు, ఎవరి చెయ్యీ పడనట్టు ఉంటుంది. నేను చేసిన తప్పు ఇదే. ఒక మనిషి శ్రమను సున్నా అని రాసి, వచ్చిన లాభాన్ని కుటుంబం మొత్తానికి జమకట్టాను.

ఇది ఒక ఊరి సంగతి కాదు. దేశమంతటా జనం తమ 24 గంటలను దేనికి ఖర్చు పెడుతున్నారో తెలుసుకోవడానికి కేంద్రప్రభుత్వ గణాంకశాఖ 2019లో ఒక సర్వే జరిపింది. అంతకుముందు 1998-99లో ఆరు రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా ఒకటి జరిగింది, అందులో మన రాష్ట్రం లేదు. 2019 సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనిలో రోజూ పాల్గొనే ఆడవాళ్ళు నూటికి 81 మంది, మగవాళ్ళు 26 మంది. ఆ పని చేసే ఆడవాళ్ళు సగటున రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారు. ఇందులో వంట, కడగడం, ఊడవడం, ఉతకడం అన్నీ ఉన్నాయి. పిల్లల, ముసలివాళ్ళ సాకుడు ఈ లెక్కలో లేదు, అది వేరే.

అదే సర్వే మళ్ళీ 2024లో జరిగింది. ఆడవాళ్ళ సమయం 289 నిమిషాలకు తగ్గింది. ఐదేళ్ళలో తగ్గింది పది నిమిషాలు. ఆ పది నిమిషాలు మగవాళ్ళు అందుకున్నారా అంటే అదీ లేదు. వాళ్ళ సమయం కూడా 97 నుంచి 88కి తగ్గింది. రోజుకు 289 నిమిషాలంటే నెలకు 144 గంటలు. ఎనిమిది గంటల పనిదినాలుగా మారిస్తే పద్దెనిమిది రోజులు. నెలలో పద్దెనిమిది రోజుల పని చేసే మనిషిని "మీ ఆమె ఏం చేస్తుంది?" అని అడిగితే, "ఏమీ చెయ్యదు, ఇంట్లోనే ఉంటుంది" అని జవాబు వస్తుంది.

ఇందులో ఇంకొక బాధ ఉంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత. ఇంటి వంట ఆరోగ్యానికి మంచిదని మనం సభల్లో చెబుతాం. నిజమే. రాగిసంగటి, ఆకుకూర పప్పు, అనపగింజల పులుసు తిన్న మనిషికి బలం. కానీ ఆ బలం పళ్ళెంలోకి ఎవరికి, ఎంత, ఏ వరసలో చేరుతోంది? మగవాళ్ళకు, పిల్లలకు పెట్టాక గిన్నె అడుగున మిగిలింది తినే ఆడమనిషికి ఇంటి వంటైతే ఏమిటి, హోటల్ వంటైతే ఏమిటి? కాబట్టి ఎవరు వండారన్న ప్రశ్న వెంట ఎవరు ఎప్పుడు తిన్నారన్న ప్రశ్న కూడా రావాలి.

మనం తిరుపతిలో కూర్చుని మాట్లాడుకుంటున్నాం. అన్నం గురించి మన ప్రాంతానికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? 18వ శతాబ్దంలో మన పాత చిత్తూరు జిల్లా తరిగొండలో పుట్టిన వెంగమాంబ బాలవితంతువు. వితంతువులకు లోకం పెట్టిన కట్టుబాట్లకు తలవంచకుండా కొండమీదికి చేరి, కావ్యాలు రాసి, యాత్రికులకు అన్నం పెట్టిన మనిషి. తిరుమల తిరుపతి దేవస్థానం 1985లో నిత్యాన్నదాన పథకం మొదలుపెట్టింది. 2011లో కట్టిన పెద్ద అన్నదాన భవనానికి వెంగమాంబ పేరే పెట్టారు. ఆలయంలో వంటశాల దగ్గరే వకుళమాత కొలువై ఉండి, కొడుకు కోసం జరిగే వంటను చూసుకుంటూ ఉంటుందని మనవాళ్ళ నమ్మకం. అయితే ఆ 'పోటు'లో లడ్డూలు, ప్రసాదాలు తయారుచేసేది మగవాళ్ళు. అది జీతం, గౌరవం ఉన్న పని. దాన్ని నేను తప్పు పట్టడంలేదు. ఒక్కటే గమనించమంటున్నాను. తల్లి పేరు మీద వంట పవిత్రం. జీతం ఉన్నచోట వంట మగవాడి విద్య. మన భాష కూడా గొప్ప వంటను నలభీమపాకం అంటుంది. ఆ ఇద్దరూ మగవాళ్ళే. జీతంలేని చోట మాత్రం వంట ఆడదాని స్వభావం అయిపోతుంది! వెయ్యిమందికి వండగలిగిన మగవాడు తన ఇంట్లో నలుగురికి వండలేనంటే అది చేతకాక కాదు. అక్కడ వండితే కూలి లేదు, పేరు లేదు.

మరి ఆడవాళ్ళు కూలికి వండేచోట ఏం జరుగుతోంది? సుప్రీంకోర్టు 2001 నవంబరులో బడిపిల్లలకు వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి ఆ పని డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళ చేతిలో మొదలైంది. ఇరవై ఐదు మంది పిల్లల దాకా ఒకరు, వందమంది దాకా ఇద్దరు వండాలని నిబంధన. 2009లో కేంద్రం వాళ్ళకు నెలకు వెయ్యి రూపాయలు నిర్ణయించింది. అది జీతం కాదు, 'గౌరవ వేతనం'. 2019లో మన రాష్ట్రం దాన్ని 3,000 చేసింది. పనిదినాలు లెక్కవేస్తే రోజుకు వంద చిల్లర. 2024లో ఆ పథకానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో ఆకలన్న వాళ్ళకు వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన ఆ తల్లి పేరు పెట్టడం సంతోషమే. కానీ ఆ పేరు కింద చెమటోడ్చే వంటమనిషికి ఉపాధి కూలిలో సగం కూడా రాదు. కారణం ఒక్కటే. ఇంట్లో ఊరికే చేసే పని కనుక బయట కూడా చవగ్గా చేస్తుందని ప్రభుత్వానికి తెలుసు. ఇంట్లో సున్నా కట్టిన శ్రమకు బజారులో కూడా పూర్తి ధర పలకదు. అందుకే వంటింటి లెక్క మనకు హక్కుల సమస్య.

ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదని నేను అనడంలేదు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం కింద సంఘాల ఆడవాళ్ళకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. 2024 నవంబరు నుంచి మన రాష్ట్రంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తున్నారు. కట్టెలకోసం గుట్టలెక్కి, పొగలో కళ్ళు మండించుకున్న తరం మనది. గ్యాసు విలువ మనకు తెలుసు. 2018లో అయిదు రూపాయలకు భోజనం పెట్టే అన్న క్యాంటీన్లు మొదలయ్యాయి, 2019లో మూతపడ్డాయి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం. ఇవన్నీ ఆడవాళ్ళ పనిని కొంత తేలిక చేశాయి. కానీ పొయ్యి మారింది గానీ పొయ్యి ముందు నిలబడే మనిషి మారలేదు. సిలిండరు ఆడవాళ్ళ పేరు మీద ఇవ్వడంలో ఒక హక్కు ఉంది, ఒక ఉచ్చు కూడా ఉంది. గ్యాసు నీ పేరు మీదుంది కనుక పొయ్యి కూడా నీదే అన్న అర్థం అందులోంచి తీస్తారు. క్యాంటీను సంగతే చూడండి. ప్రభుత్వం మారగానే మూసివేయగలిగిన దాన్ని మనం దయ అంటాం గానీ హక్కు అనం.

మన సలహా అందరికీ ఒకటే కాకూడదని కూడా గుర్తుంచుకోవాలి. శ్రీసిటీలో సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీలకు షిఫ్టులమీద వెళ్ళే ఆడపిల్లలు వేలమంది ఉన్నారు. హాస్టలు గదిలో ఒక్క మనిషికి వండుకోవడంలో డబ్బు పెద్దగా మిగలదు, నిద్ర మాత్రం పోతుంది. వాళ్ళకు కావలసింది వంటపాఠం కాదు, తక్కువ ధరకు శుభ్రమైన భోజనం పెట్టే క్యాంటీను. సరుకు ధర కూడా మన చేతిలో లేదు. 2023 జూలై చివర మన మదనపల్లె మార్కెట్లోనే కిలో టమోటా 200 రూపాయల దరిదాపుల్లోకి పోయింది. పండించే రైతు ఊళ్ళోనే చారు పెట్టుకోవడానికి ఆలోచించవలసి వచ్చింది. పొదుపు చేతకాక కాదు గదా! నలుగురైదుగురున్న ఇంట్లో వంట లాభమే. ఒంటరి మనిషికి, పన్నెండు గంటలు బయట ఉండే మనిషికి అదే భారం కావచ్చు. "హోటల్ తిండి తింటోంది, ఇంటి ధ్యాస లేదు" అని ఏ ఆడమనిషినైనా మనం అనబోయేముందు ఆమె ఇరవై నాలుగు గంటలు ఒకసారి అడిగి తెలుసుకుందాం.

ఇప్పుడు చట్టం సంగతి. ఇది మీ పనిలో ఉపయోగపడుతుంది కనుక కొంచెం వివరంగా చెబుతాను. 2001 జనాభా లెక్కల్లో గృహిణులను ఆదాయం లేనివాళ్ళ కోవలో భిక్షగాళ్ళు, ఖైదీల సరసన చేర్చారు. 2010లో ఒక రోడ్డు ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు ఈ వర్గీకరణను తప్పుపట్టింది. అంతకుముందు 2001లో, జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదం కేసులో, చనిపోయిన గృహిణుల సేవలకు నెలకు 3,000 రూపాయలుగా విలువ కట్టింది. 2021 జనవరి 5న ఇచ్చిన తీర్పులో ఇంకొక అడుగు పడింది. మన తెలుగువారు జస్టిస్ ఎన్.వి. రమణ ఆ తీర్పులో విడిగా అభిప్రాయం రాస్తూ, నేను ఇంతకుముందు చెప్పిన 299, 97 నిమిషాల లెక్కను ప్రస్తావించారు. 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే తమ ముఖ్యమైన పని అని చెప్పిన ఆడవాళ్ళు దాదాపు 16 కోట్లమంది, మగవాళ్ళు 58 లక్షలలోపే అన్న సంగతీ అందులో ఉంది. గృహిణికి ఆదాయం లెక్కకట్టడమంటే ఆమె శ్రమను, త్యాగాన్ని గుర్తించడమేనని ఆ తీర్పు సారాంశం.

అయితే ఈ కేసులన్నింటిలోనూ ఒక విషాదం ఉంది. వండే మనిషి చనిపోయాకనే వంటకు విలువ కట్టారు. నష్టపరిహారం లెక్కించేటప్పుడు తప్ప ఆమె శ్రమ ఎవరికీ కనబడలేదు. బతికుండగా కనబడటానికి 2023 జూన్‌లో పొరుగున మద్రాసు హైకోర్టు దారి చూపింది. భర్త విదేశంలో పనిచేసి పంపిన డబ్బుతో ఆస్తి కొన్నారు. ఇల్లూ పిల్లలనూ చూసుకున్న భార్య శ్రమ కూడా ఆ ఆస్తి సంపాదనలో భాగమేనని, ఆమెకు సమాన వాటా ఉంటుందని కోర్టు అంది. అది పొరుగు రాష్ట్రపు హైకోర్టు తీర్పు కనుక మన కోర్టులు కట్టుబడి తీరాలని లేదు, కానీ మన వాదనకు బలం ఇస్తుంది. మన జిల్లాలనుంచి గల్ఫ్‌కు పోయిన మగవాళ్ళు, ఇక్కడ ఇల్లు నెట్టుకొచ్చే ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పనక్కరలేదు. భరణం, ఆస్తి, విడాకుల కేసులు మీ దగ్గరికి వచ్చినప్పుడు "ఆమె ఏం సంపాదించింది?" అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు గంటల లెక్కతో జవాబు చెప్పడం మనం నేర్చుకోవాలి.

ఈ ఆలోచన మనతో మొదలైంది కాదు. దాదాపు నూట యాభై ఏళ్ళకిందట అమెరికాలోని కేంబ్రిడ్జ్ అనే ఊళ్ళో మెలుసినా ఫే పీర్స్ అనే ఆమె కొన్ని కుటుంబాల ఆడవాళ్ళతో ఉమ్మడి వంట, ఉతుకుడు సంఘం పెట్టింది. ఆ పనికి భర్తలు డబ్బు చెల్లించాలంది. రెండేళ్ళు నిలవలేదు. భర్తల అయిష్టత అందుకు పెద్ద కారణం. 1975 అక్టోబరు 24న ఐస్‌లాండ్ దేశంలో నూటికి తొంభైమంది ఆడవాళ్ళు ఒక్కరోజు ఇంటి పనీ, బయటి పనీ మానేశారు. వండటం రాని మగవాళ్ళు పిల్లలకు ఏదో ఒకటి పెట్టడానికి దుకాణాలమీద పడితే, సులభంగా వండుకునే మాంసపు వంటకాలు దొరక్కుండా పోయాయట. ఒక్కరోజు చాలింది, ఎవరి చేతులమీద దేశం నడుస్తోందో తెలియడానికి. మన పక్కనే తమిళనాడులో 2013లో అమ్మ క్యాంటీన్లు మొదలైనప్పుడు వాటిని నడిపే పని స్వయంసహాయక బృందాల ఆడవాళ్ళకు ఇచ్చారు.

ఇంతకీ రేపు మన ఊళ్ళకు వెళ్ళి ఏం చెయ్యాలి? నాకు తోచినవి నాలుగు చెబుతాను. చర్చలో మీరు సరిదిద్దండి.

మొదటిది, పొదుపు పుస్తకంలో రెండో గడి. ఇంట్లో వండటంవల్ల మిగిలిన డబ్బు ఒక గడిలో రాస్తే, దానికి పోయిన గంటలు, ఎవరి గంటలో, పక్క గడిలో రాయాలి. ఒక్క నెల చేసి చూడండి. ఆ కాగితం మొగుడికి చూపించాలి. పోట్లాట కోసం కాదు, ఇంటి లెక్క ఇద్దరికీ తెలియాలి గనుక. మిగిలిన మొత్తంలో కొంత ఆమె పేరు మీద, ఆమె ఇష్టప్రకారం ఖర్చుపెట్టుకునేలా జమ కావాలి. అది భర్త ఇచ్చే బహుమానం కాదు. ఆమె సంపాదన.

రెండోది, వంటను పనులుగా విడగొట్టడం. "వంట చెయ్యి" అంటే మగవాడు బెదిరిపోతాడు. ఎర్రగడ్డలు తరగడం, బియ్యం కడిగి పెట్టడం, చెనిక్కాయలు వేయించడం, సంగటి కెలకడం, బోకులు తోమడం - ఇవి పదేళ్ళ పిల్లవాడికీ, యాభై ఏళ్ళ నాయనకూ వయసుకు తగ్గట్టు వచ్చే పనులే. సంగటి కెలకడానికి కావలసిన భుజబలం మగవాళ్ళలో తక్కువా? ముఖ్యంగా మగపిల్లలను వదలకండి. కూతురికి వంట నేర్పకపోతే అత్తగారింట్లో మాట వస్తుందని భయపడే మనం, కొడుక్కి నేర్పకపోతే ఇంకొక ఆడపిల్ల జీవితం పొయ్యిపాలవుతుందని ఎందుకు భయపడం? ఇందులో మన తప్పు కూడా ఉంది. "వాడు చేస్తే వంటిల్లంతా చిందరవందర" అని గరిటె లాక్కునేది మనమే.

మూడోది, కలిసి చేసుకోవడం. వీధిలో నాలుగిళ్ళ ఆడవాళ్ళు వారానికి రెండుసార్లు పిండి కలిపి రుబ్బుకుంటే నలుగురి రాత్రి పని ఒకరిదవుతుంది, వంతులవారీగా. సంఘం పెట్టుబడితో ఒక పెద్ద గ్రైండరు కొనుక్కోవచ్చు. కారప్పొడి, పప్పులపొడి, ఊరగాయ కలిసి చేసుకోవచ్చు. అది వ్యాపారంగా పెరిగితే మంచిదే. ఎవరి గంటలు ఎన్నో రాసి, గంటలప్రకారం పంచుకోవాలన్న నియమం మాత్రం మొదటిరోజే పెట్టుకోవాలి.

నాలుగోది, ప్రభుత్వాన్ని అడగడం. పనికిపోయే ఆడవాళ్ళున్న ప్రతిచోటా నిలకడగా నడిచే క్యాంటీను, అంగన్‌వాడీ వేళలు పనివేళలకు సరిపోవడం, మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్ళకు కనీస వేతనం - ఇవి మన డిమాండ్లలో పైన ఉండాలి. బడి వంటమనిషికి గౌరవం ఇచ్చాం గనుక వేతనం అక్కరలేదన్న వాదన మనం ఒప్పుకోరాదు.

నేను ఇంటి వంటకు వ్యతిరేకినన్న అపోహతో ఎవరూ వెళ్ళకండి. వేడివేడి సంగటిముద్ద, ఊరుబిండి, పుల్లగూర నాకూ ఇష్టమే. బిడ్డలకు వండిపెట్టడంలో ప్రేమ ఉంది, కాదనను. కానీ ప్రేమ ఒక్కరి వంతే ఎందుకు కావాలి? ప్రేమతో చేసే పనిని ఇద్దరూ చేస్తే ప్రేమ తగ్గిపోతుందా?

ఆ ఊరికి నేను మళ్ళీ వెళ్ళాను. పాత బోర్డు మీద కొత్తగా రెండు గళ్ళు గీసి, ఒకదానిలో రూపాయలు, రెండోదానిలో గంటలు రాయమన్నాను. కొండమీద పనిచేసే ఆ అక్కే మొదట లేచి వచ్చి సుద్దముక్క అందుకుంది. గంటలు కూడి, ఆ అంకెను చాలాసేపు చూసింది. "ఇంత పొద్దు నాదేనా అక్కా?" అంది.

అవునమ్మా, నీదే. అది నీదని మొదట నీకు, తరువాత నీ ఇంటికి, ఆ తరువాత కోర్టుకూ ప్రభుత్వానికీ తెలియాలి. సంఘం పుస్తకం తెరిచిన ప్రతిచోటా మనం ఆ రెండో గడి గీయిద్దాం. మిగతా చర్చ మీది.